ఇల్లు క్షేమమని ఎవరికి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల దీర్ఘరోగుల లాక్‌డౌన్ వెనుక ఉన్న చరిత్ర

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు 2020 మార్చి 12న నెల్లూరులో బయటపడింది. ఇటలీ నుంచి వచ్చిన ఒక యువకుడికి వ్యాధి సోకినట్టు పరీక్షలో తేలింది. పది రోజులకు జనతా కర్ఫ్యూ వచ్చింది. వెంటనే రాష్ట్రంలో, మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. 21 రోజులన్నది గడువు మీద గడువు పెరిగి మే నెలాఖరు దాకా సాగింది. టీవీలో, ఫోను రింగయ్యే ముందు, ఊళ్లో మైకు కట్టిన ఆటోలో వినిపించింది ఒకటే మాట: ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి.

చాలామందికి అది సరైన సలహాయే. కాని కిడ్నీలు పాడై, వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ చేయించుకుంటే తప్ప బతకని కనిగిరి వైపు మనిషికి ఇంట్లో ఉండిపోవడమే ప్రాణగండం. నడుము కొయ్యబారిన పొదిలి వైపు వృద్ధురాలికి ఆ జబ్బు వచ్చిందే ఇంట్లో తాగిన నీళ్ల వల్ల. మంచం దిగలేని పక్షవాత రోగికి లాక్‌డౌన్ ఏళ్ల కిందటే మొదలైంది. వీళ్ల ఇళ్లు ఇలా తయారు కావడానికి కారణాలు 2020లో వెతికితే దొరకవు. చాలా వెనక్కి వెళ్లాలి.

1937లో హెచ్.ఇ. షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో ఒక వ్యాసం ప్రచురించారు. నెల్లూరు జిల్లాలోని కొన్ని ఊళ్లలో బావి నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్ మనుషుల పళ్లను, ఎముకలను ఎలా పాడుచేస్తున్నదో అందులో వివరించారు. దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ మీద తొలి పరిశోధనల్లో అది ఒకటి. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటికంటే చాలా పెద్దది. దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు అందులోనే ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా పేరు మారింది కాని మెట్ట ప్రాంతపు భూగర్భంలోని రాయి అదే, ఆ రాతిలోంచి నీళ్లలోకి దిగే ఫ్లోరైడ్ అదే. వానలు తక్కువై, బావులు ఎండి, బోర్లు లోతుకు పోయేకొద్దీ కష్టం పెరిగింది. నెల్లూరు జిల్లా పడమటి వైపు ఉదయగిరి మెట్టదీ ఇదే వరస.

లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీళ్లు కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి కాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన మేరకు ఇంకా చిక్కబడుతుంది. శుభ్రంగా కాచిన నీళ్లే పిల్లలకు తాగించిన తల్లులు కూడా తెలియకుండా ఆ విషాన్నే తాగించారన్నమాట. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే కీళ్ల చుట్టూ ఉండే కండరబంధాలు ఎముకలాగా గట్టిపడతాయి. మెడ తిరగదు, వెన్ను వంగదు, కింద కూర్చుంటే లేవలేరు. దీన్ని నయం చేసే మందు లేదు. ఉన్న మార్గం నీళ్లు మార్చుకోవడమే. అందుకే ఈ ఊళ్లలో నీళ్ల క్యాను కొనడం సోకు కోసం చేసే ఖర్చు కాదు. కూలి డబ్బుల్లోంచి బియ్యం తర్వాత తీసి పెట్టుకునే ఖర్చు. లాక్‌డౌన్‌లో కూలి ఆగినప్పుడు క్యాను కొనాలా, బోరు నీళ్లే తాగాలా అన్నది ఆ ఇళ్లలో తేలాల్సిన ప్రశ్న అయింది.

పడమటి మండలాల్లో కిడ్నీ జబ్బులూ ఎక్కువే. వాటికి ఫ్లోరైడే కారణమని శాస్త్రం తేల్చలేదు. కిడ్నీలు దెబ్బతిన్న ఒంట్లో మాత్రం ఫ్లోరైడ్ బయటికి పోక ఎక్కువగా పేరుకుంటుంది. ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. మూడు జిల్లాల్లో 15 లక్షలకు పైగా జనానికి తాగునీరు ఇవ్వడం కూడా దాని లక్ష్యాల్లో ఒకటి. మొదటి సొరంగం తవ్వకం 2021లో ముగిసింది. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి పాతికేళ్లు.

ఇది ఇంట్లోంచి వచ్చిన జబ్బు కథ. ఇంటికి చేరిన వైద్యం కథ వేరు. దాని మలుపు మద్రాసులో జరిగింది. క్షయ వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచకూడదని, శానిటోరియంలో గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి ఉంటేనే బతుకుతాడని ఒకప్పుడు నమ్మేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నాటిది. అక్కడ నెలల తరబడి ఉండగలిగినవాళ్లు ఎందరు? 1956లో మద్రాసు క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పేద రోగులను రెండు వర్గాలు చేసి, కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే అవే మందులు ఇచ్చింది. ఫలితాలు 1959లో వచ్చాయి. ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో, పనులు చేసుకుంటూ మందులు వాడినవాళ్లూ దాదాపు శానిటోరియంలో ఉన్నవాళ్లంతగానే కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు క్షయ అంటడం కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచమంతా క్షయ చికిత్స పద్ధతి దాంతో మారింది. 1962లో మన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఆ పునాది మీదే మొదలైంది.

ఆ పరిశోధన అంటే నాకు గొప్ప గౌరవం. పేదవాడి ఇంటిని చూసి ఇక్కడ వైద్యం సాగదని మొగం తిప్పుకోకుండా, సాగుతుందని రుజువు చేసింది. అయితే అందులో ఒక షరతు ఉంది. మందులు ఇంటికి క్రమం తప్పకుండా అందాలి, ఎవరో ఒకరు వచ్చి చూసుకుంటూ ఉండాలి. తర్వాతి దశాబ్దాల్లో రోగి ఇంట్లోనే ఉండవచ్చన్న సగం అందరికీ గుర్తుంది. ఇంటికి రావాలన్న సగం వెనకబడింది. షుగరు, బీపీ, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు పెరుగుతూ వచ్చాయి కాని వాటి వైద్యం పట్టణాల్లోనే ఉండిపోయింది. 2005లో 108, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి. అవి లక్షల కుటుంబాలను అప్పుల్లోంచి కాపాడాయి. అయినా ఆ రెండూ మనిషిని ఆసుపత్రికి చేర్చే ఏర్పాట్లే. ఆపరేషన్ తర్వాత ఇంట్లో కోలుకునే రోజులకూ రోజుకు 225 రూపాయల చొప్పున నెలకు 5,000 దాకా ఇచ్చే ఆసరా 2019 డిసెంబరులో గాని మొదలు కాలేదు. డయాలసిస్ రోగుల పింఛను 10,000 రూపాయలైందీ ఆ ఏడాదే.

అలా కనిగిరి మనిషికి పెద్ద వైద్యం అంటే సుమారు 80 కిలోమీటర్ల ఒంగోలు. ఉదయగిరి మనిషికి దాదాపు వంద కిలోమీటర్ల నెల్లూరు. నెల్లూరులో కుదరనిదానికి చెన్నై, వేలూరు. ఈ ప్రాణాలన్నీ బస్సుల మీద ఆధారపడి ఉన్నాయి. 2020 మార్చి 22న ఆ బస్సులు ఆగాయి. మళ్లీ కదిలింది మే 21న.

అంబులెన్సులకు అనుమతి ఉంది, అత్యవసరమైతే పాసు ఇస్తామన్నారు. కాని పక్షానికోసారి క్యాన్సర్ చికిత్సకు, అంటే కీమోకు, వెళ్లేవాడిది అత్యవసరమని అర్ధరాత్రి చెక్‌పోస్టులో ఎవరు ఒప్పుకుంటారు? చూడటానికి బాగానే ఉంటాడు, నడిచి కారు ఎక్కుతాడు. తడ దగ్గర రాష్ట్ర సరిహద్దు నెల్లూరు జిల్లా వాళ్లకు అంతకుముందు లెక్కలోనే లేని గీత. అది గోడ అయింది. మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి వ్యాధి నెల్లూరు జిల్లాకూ పాకాక, చెన్నై వెళ్లొచ్చిన రోగి అంటే ఊళ్లో భయం పుట్టింది. నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిని రాష్ట్రస్థాయి కోవిడ్ ఆసుపత్రుల్లో ఒకటిగా ప్రకటించారు. అవసరమే. కాని ఏళ్లుగా అక్కడే చూపించుకుంటున్న షుగరు, గుండె రోగులకు తెలిసిన తలుపు ఒకటి మూసుకుపోయింది.

డయాలసిస్ ఒకసారికి నాలుగు గంటలు పడుతుంది. ఒక్క విడత తప్పితే ఒంట్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంటుంది. అప్పట్లో ఆ ఆయాసంతో ఆసుపత్రికి వస్తే అది కరోనా కాదని ముందు తేలాలి. తేలే దాకా యంత్రం దగ్గరికి రానివ్వరు. రోహిణి కార్తె ఎండలో, రేకుల కింద, రోజుకు లీటరుకు మించి నీళ్లు తాగకూడని మనిషి ఆ ఫలితం కోసం కూర్చున్నాడు. ఈ దృశ్యం నన్ను ఇప్పటికీ వదలదు.

మందుల సంగతి ఇంకొకటి. కరోనా ముందుజాగ్రత్తగా వైద్య సిబ్బందికి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇవ్వవచ్చని 2020 మార్చి నాలుగో వారంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కార్యదళం చెప్పింది. ఆ మాట బయటికి రాగానే జనం మందుల షాపుల మీద పడ్డారు. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు), కీళ్లవాతం ఉన్నవాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు, ఏళ్లుగా రోజూ వేసుకునే మాత్ర అది. కొద్ది రోజుల్లోనే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం కట్టడి చేసింది. చీటీ కొత్తది కావాలంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళ్లడానికి బస్సు లేదు.

అప్పుడే ఫోను వైద్యం వచ్చింది. దేశంలో టెలీమెడిసిన్‌కు తొలి మార్గదర్శకాలు సరిగ్గా మార్చి 25న వెలువడ్డాయి. ఏప్రిల్ 13న రాష్ట్రంలో 14410 నంబరు మొదలైంది. నడవలేని రోగులకు, ముఖ్యంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని కొడుకునో కోడలినో బతిమాలుకునే ముసలివాళ్లకు అది నిజమైన మేలు. ఇన్నేళ్లు సాధ్యం కాదన్నది మూడు వారాల్లో సాధ్యమైంది. ముందే ఎందుకు చేయలేదని వాళ్లు అడిగితే తప్పు పట్టలేం. ఇంటికి వచ్చిన మరొకటి పింఛను. 2020 ఫిబ్రవరి నుంచే వలంటీర్లు గడప దగ్గరికి తెచ్చి ఇచ్చేవారు. ఆశా కార్యకర్తలు, వలంటీర్లు ఇంటింటి సర్వేకు తిరిగారు. జ్వరం ఉందా, దగ్గు ఉందా, ఎవరైనా వేరే ఊరి నుంచి వచ్చారా అని అడిగారు. బీపీ మాత్రలు ఉన్నాయా అన్న ప్రశ్నే మంచంలోని రోగికి అన్నిటికంటే కావలసింది.

ఇంటి లోపలి సంగతి తక్కువగా మాట్లాడుకున్నాం. పగలంతా అందరూ పొలానికో, పొగాకు పనికో, బడికో పోతే దీర్ఘరోగికి నిశ్శబ్దం దొరికేది. నొప్పి వస్తే మూలిగినా ఎవరూ వినరు, ఎవరినీ ఇబ్బంది పెట్టినట్టు ఉండదు. లాక్‌డౌన్‌లో పిల్లలు ఇంట్లో, మగవాళ్లు ఇంట్లో, హైదరాబాదు, బెంగళూరు పనుల నుంచి తిరిగొచ్చినవాళ్లు ఇంట్లో. రెండు గదుల ఇంట్లో రోగి మంచం వసారాలోకి మారింది. ఇన్సులిన్‌ను ఫ్రిజ్ లేని ఇళ్లలో తడిగుడ్డ చుట్టిన కుండలో దాచుకోవాలి. పదిమంది తిరిగే చోట ఆ కుండకు కాపలా కూడా కావాలి. ఇంకో వైపు, ఇన్నాళ్లూ కదలలేక ఒంటరిగా ఉన్నవాళ్లకు మనుషుల తోడు దొరికింది. బయటికి పోలేకపోవడం అంటే ఏమిటో ఊరంతా మొదటిసారి తెలుసుకుంది. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే రోజు జరిగాయి.

ఆడమనిషే రోగి అయిన ఇంట్లో పరిస్థితి ఇంకా కష్టం. షుగరుతో కాలికి పుండు పడినా మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడేది ఆమే.

దీర్ఘరోగులను అన్నిటికంటే ఎక్కువగా గాయపరిచినది ఒక ఓదార్పు మాట. ఎవరైనా చనిపోయారనగానే, ఆయనకు ముందే షుగరు ఉంది, ఆమెకు కిడ్నీ జబ్బు ఉంది అని వార్తలోనో, అరుగు మీదో వినిపించేది. ఆరోగ్యవంతులకు దాంతో గుండె కుదుటపడేది. అదే మాట పక్క గదిలో మంచం మీద ఉన్న షుగరు రోగి చెవిన కూడా పడేదని ఎవరికీ తట్టలేదు. నా చావు వార్తే కాదన్న అవమానం అందులో ఉంది. దానికి లెక్కలు ఏ బులెటిన్‌లోనూ రాలేదు.

2020 ఏప్రిల్ 27న కేంద్రం స్వల్ప లక్షణాలున్న కోవిడ్ రోగులు ఇంట్లోనే వేరుగా ఉండవచ్చని చెప్పింది. ఇంట్లో అందుకు తగిన వసతి ఉండాలన్నది షరతు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 37 శాతం కుటుంబాలది ఒకే గది. జూలై 2న మార్చిన నిబంధనల్లో హెచ్‌ఐవీ, క్యాన్సర్, అవయవ మార్పిడి ఉన్నవాళ్లను ఇంట్లో ఉంచవద్దన్నారు. మూడు నెలలుగా గడప దాటవద్దని చెప్పినవాళ్లకే, జబ్బు సోకితే గడపలోపల చోటు లేదని చెప్పినట్టయింది. వైద్యపరంగా దానికి కారణం ఉంది. ఇంటికి వచ్చి చూసేవాళ్లు ఉంటే ఆ నిబంధన అంత కఠినంగా ఉండాల్సిన పని లేదు.

2021లో రెండో అల వచ్చింది. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. బస్సులు ఉదయం 6 నుంచి 12 దాకానే. కనిగిరి మెట్ట నుంచి ఒంగోలు వెళ్లి, నాలుగు గంటలు యంత్రం మీద ఉండి, తిరిగి రావడం ఆ ఆరు గంటల్లో పట్టదు. ఆ నిబంధన రాసినవాళ్లు డయాలసిస్ రోగిని తలుచుకోలేదని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆ నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో బొనిగె ఆనందయ్య నాటుమందు కోసం వేల మంది బారులు తీరారు. ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లనూ అంబులెన్సుల్లో తెచ్చారు. పంపిణీ ఆపిన ప్రభుత్వం మే 31న కొన్ని రకాలకు అనుమతించింది, కంటి చుక్కల మందుకు ఇవ్వలేదు. ఆ మందు కరోనాను నయం చేస్తుందని రుజువు కాలేదు. అయినా ఆ జనాన్ని మూఢులని కొట్టిపారేయడం నాకు చేతకాదు. ఆసుపత్రిలో మంచం లేక, ఇంటికి డాక్టరు రాక రోడ్డెక్కిన మనుషులు వాళ్లు.

ఆ తర్వాత కొన్ని మారాయి. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టరు విధానం మొదలైంది. నెలకు రెండుసార్లు డాక్టరు 104 వాహనంలో ఊరికి వచ్చి, మంచం దిగలేనివాళ్లను ఇంటి దగ్గరే చూడాలన్నది అందులో భాగం. మద్రాసు పరిశోధన పెట్టిన షరతులో మరచిపోయిన సగం అదే. 2024లో వలంటీర్లు లేకపోయినా గ్రామ సచివాలయ సిబ్బంది పింఛను గడప దగ్గరికే తెచ్చి ఇచ్చారు. డయాలసిస్ యంత్రాలు పడమటి పట్టణాలకూ వచ్చాయి. ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే డయాలసిస్‌ను జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో చేర్చే మార్గదర్శకాలు 2019లోనే వెలువడ్డాయి. దానికి బస్సు అక్కర్లేదు. శుభ్రమైన ఒక మూల, చేతులు కడుక్కోవడానికి మంచినీళ్లు, నెలనెలా ద్రవం సంచులు తెచ్చిచ్చే బండి, నేర్పే నర్సు కావాలి. కనిగిరి మెట్ట ఇళ్లలో ఆ మూల దొరుకుతుంది. నీళ్లు, బండి, నర్సు బయటినుంచి రావాలి.