విజార్డ్‌తో స్పీడ్ ఫార్మింగ్: అనంతపురంలో నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో నాకు ఆరు కంప్యూటర్ల గేమింగ్ సెంటర్ ఉంది. డయాబ్లో 3 అనే కంప్యూటర్ గేమ్‌లో సీజన్లు (అందరూ కొత్త క్యారెక్టర్‌తో మళ్లీ మొదలుపెట్టే విడతలు) 2014 ఆగస్టులో మొదలయ్యాయి. అప్పటి నుంచి నేను ఆడుతున్నది విజార్డ్‌నే, అంటే మంత్రగాడి పాత్రనే. స్పీడ్ ఫార్మింగ్ అంటే శత్రువులను త్వరత్వరగా చంపుతూ మంచి వస్తువులు పోగేయడం. మా సెంటర్‌కు వచ్చే పిల్లల పక్కన కూర్చుని వాళ్ల బిల్డ్ (వస్తువులు, నైపుణ్యాల కూర్పు) సరిచేయడం నాకు చాలా ఇష్టమైన పని.

పోయిన నెల గుత్తి నుంచి ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు వచ్చాడు. "అన్నా, గ్రేటర్ రిఫ్ట్ 110 దాటినా. అయినా రోజంతా ఆడితే ఒక్క మంచి ఏన్షెంట్ పడ్డంలేదు" అన్నాడు. గ్రేటర్ రిఫ్ట్ అంటే గడువు పెట్టి ఆడే కష్టమైన రిఫ్ట్, ఏన్షెంట్ అంటే మామూలుకంటే బలమైన లెజెండరీ వస్తువు. ఆడమని చెప్పి చూశాను. అన్నిటికంటే కష్టమైన లెవెల్ టార్మెంట్ 16లో ఒక మామూలు రిఫ్ట్ (శత్రువులతో నిండిన మ్యాప్) పూర్తి చేయడానికి వాడికి 9 నిమిషాలు పట్టింది. దెబ్బకు ఏ లోటూ లేదు. ఒక ఎలైట్ (మామూలు వాటికంటే బలమైన శత్రువుల) గుంపును చంపి ఇంకో గుంపు దగ్గరికి చేరడంలోనే టైమంతా పోతోంది. ఆ సాయంత్రం నాలుగు వస్తువులు మార్చాం. అదే లెవెల్ రిఫ్ట్ 4 నిమిషాలకు దిగింది. ఈ పోస్టు రాయాలనిపించింది అందుకే.

అపోహ: గ్రేటర్ రిఫ్ట్‌లో ఎక్కువ ఎత్తుకు వెళ్లిన బిల్డే ఫార్మింగ్‌కు కూడా మంచిది

అన్నిటికంటే ఎక్కువ మందిని వెనక్కి లాగేది ఇదే. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

గ్రేటర్ రిఫ్ట్‌లో మనకు 15 నిమిషాల గడువు ఉంటుంది. అక్కడ శత్రువు ప్రాణం చాలా ఎక్కువ. కాబట్టి పుష్ చేసేవాళ్లు (వీలైనంత పై లెవెల్‌కు వెళ్లాలని ఆడేవాళ్లు) ఒక్కచోట నిలబడి, గుంపును పోగేసి, సరైన క్షణం కోసం ఎదురుచూస్తారు. కన్వెన్షన్ ఆఫ్ ఎలిమెంట్స్ ఉంగరం ఉంది కదా, విజార్డ్‌కు అది ఆర్కేన్, కోల్డ్, ఫైర్, లైట్నింగ్ అని ఒక్కో మూలకం దెబ్బను 4 సెకన్ల చొప్పున పెంచుతూ తిరుగుతుంది. చుట్టు మొత్తం 16 సెకన్లు. ఫైర్ బిల్డ్ అయితే మనకు పనికొచ్చేది అందులో 4 సెకన్లే. పుష్‌లో ఆ 4 సెకన్ల కోసం ఆగడం తెలివైన పని. టార్మెంట్ రిఫ్ట్‌లో మాత్రం గుంపు ఆ లోపే చచ్చిపోతుంది, మనం రెండు గదులు దాటేసి ఉంటాం. ఉంగరం వేలికి ఉంటుంది, పని మాత్రం జరగదు.

బేన్ ఆఫ్ ది స్ట్రికెన్ రత్నం సంగతీ ఇంతే. ఒకే శత్రువును మళ్లీ మళ్లీ కొడుతూ ఉంటేనే దాని బలం పెరుగుతుంది. గ్రేటర్ రిఫ్ట్ గార్డియన్‌ను (చివర్లో వచ్చే పెద్ద శత్రువును) నిమిషాల తరబడి కొట్టేటప్పుడు అది ప్రాణం. మూడు సెకన్లలో పడిపోయే గార్డియన్ మీద దానికి పెరిగే అవకాశమే రాదు.

మా నాన్నది ఉరవకొండ దగ్గర మెట్ట సేద్యం, శెనక్కాయ. వాన నమ్మలేని నేల. ఎకరాకు ఎన్ని బస్తాలు అయ్యాయని ఊళ్లో వాళ్లు అడిగితే, పెట్టుబడి పోను ఎంత మిగిలిందని ఆయన లెక్క చెప్పేవాడు. ఫార్మింగ్ బిల్డ్‌ను నేను అలాగే చూస్తాను. ఇక్కడ పెట్టుబడి మన టైమ్. ఒక్క దెబ్బకు చావాల్సిన శత్రువును చంపడానికి కావాల్సిన దానికంటే పదింతల దెబ్బ ఉంటే, ఆ మిగులు మొత్తం వృథా. దాన్ని తీసేసి బదులుగా కాళ్లు కొనుక్కోవాలి. విజార్డ్‌ను ఫార్మింగ్‌కు మార్చడమంటే నా దృష్టిలో పని ఇదొక్కటే: మిగిలిన దెబ్బను వేగంగా మార్చుకోవడం.

గుత్తి కుర్రాడికి చేసిందీ అదే. కన్వెన్షన్ తీసి అవారిస్ బ్యాండ్ పెట్టాం. స్ట్రికెన్ తీసి బూన్ ఆఫ్ ది హోర్డర్ పెట్టాం. బెల్టు స్థానంలో గోల్డ్‌రాప్ వేశాం. క్యూబ్‌లో (వస్తువును ధరించకుండానే దాని శక్తిని వాడుకోనిచ్చే పెట్టెలో) ఆయుధం గడిలో ఇన్-జియోమ్ కత్తి శక్తిని ఎక్కించాం. హోర్డర్ వల్ల చచ్చిన శత్రువుల నుంచి బంగారం చిమ్ముతుంది. ఆ రత్నం ర్యాంక్ 25 దాటితే బంగారం ఏరుకున్నప్పుడల్లా 3 సెకన్ల పాటు 30% వేగం వస్తుంది. అవారిస్ బ్యాండ్ ఆ బంగారాన్ని దూరం నుంచే లాగుతుంది. ఏరుకున్న బంగారం ఎంతో అంత ఆర్మర్‌ను గోల్డ్‌రాప్ ఇస్తుంది. ఒకదాని వెనుక ఒకటి గొలుసులా పనిచేస్తాయి. నాకు ఈ గేమ్‌లో అన్నిటికంటే అందంగా అనిపించే కూర్పు ఇదే.

అపోహ: టార్మెంట్ 16 కంటే కింద ఆడటం అంటే టైమ్ వేస్ట్

పై మెట్టుకు వెళ్లేకొద్దీ రాబడి పెరుగుతుంది, నిజమే. కానీ ఒక్క మెట్టు ఎక్కితే అది రెండింతలు కాదు, కొద్దికొద్దిగా పెరుగుతుంది. టైమ్ మాత్రం మన గేర్ సరిపోకపోతే సులభంగా రెండింతలవుతుంది. నడుస్తూ నడుస్తూ కొట్టిన దెబ్బకు మామూలు శత్రువులు చావాలి, ఎలైట్లు రెండు మూడు సెకన్లలో పడాలి. అలా జరగకపోతే ఒక మెట్టు దిగండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సీజన్ మొదటి వారంలో నేను ఇప్పటికీ టార్మెంట్ 10 దగ్గరే ఎక్కువసేపు ఉంటాను.

అపోహ: బూట్లకు, పారాగాన్‌కు ఎంత మూవ్‌మెంట్ స్పీడ్ వేస్తే అంత పరుగు

గేర్, పారాగాన్ (చివరి లెవెల్ దాటాక వచ్చే పాయింట్లు) రెండూ కలిపి 25% దగ్గర ఆగిపోతుంది. పారాగాన్‌లో ఒక్కో పాయింట్‌కు 0.5%, అంటే 50 పాయింట్లు పెడితే 25% అక్కడే నిండిపోతుంది. బూట్ల మీద 12% ఉంటే పారాగాన్‌లో 26 పాయింట్లు చాలు, మిగతా 24ను ఇంటెలిజెన్స్‌కో ఆర్కేన్ పవర్‌కో మళ్లించొచ్చు. కొత్తవాళ్లలో సగం మంది రెండు చోట్లా నింపుకుని, తేడా ఎందుకు కనబడటం లేదని అడుగుతారు.

25% దాటాలంటే వేరే దారులు వెతకాలి. పైన చెప్పిన హోర్డర్ ఒకటి. రీత్ ఆఫ్ లైట్నింగ్ రత్నం ర్యాంక్ 25లో ఇచ్చే 25% ఇంకొకటి. ఇల్యూషనిస్ట్ పాసివ్ (నొక్కకుండానే పనిచేసే నైపుణ్యం) ఉంటే టెలిపోర్ట్ (క్షణంలో ఇంకోచోటికి ఎగరడం) వాడినప్పుడు 3 సెకన్ల పాటు 30% వస్తుంది. ఇవన్నీ ఆ పరిమితికి బయటివి. ఇల్యూజరీ బూట్స్ వేగం అంకెను పెంచవు గానీ శత్రువుల మధ్యలోంచి అడ్డు లేకుండా నడవనిస్తాయి. ఇరుకు గుహల్లో నాకు అవి 25% కంటే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

అసలు విజార్డ్‌కు నడక రెండోది. మొదటిది టెలిపోర్ట్.

అపోహ: కూల్‌డౌన్ రిడక్షన్ శాతాలను కూడుకుంటే చాలు, లెక్క తేలిపోతుంది

కూల్‌డౌన్ అంటే ఒక నైపుణ్యాన్ని మళ్లీ వాడే దాకా ఆగాల్సిన టైమ్. దాని తగ్గింపు లెక్క కూడిక కాదు, గుణకారం. తలపాగాలో వజ్రం 12.5%, పారాగాన్ 10%, భుజాల మీద 8%, చేతి తొడుగుల మీద 8% ఉన్నాయనుకుందాం. కూడితే 38.5% వస్తుంది. నిజంగా దక్కేది మాత్రం దాదాపు 33.3%. ఎందుకంటే ప్రతి తగ్గింపూ అంతకు ముందు మిగిలిన దాని మీదే పడుతుంది. 100 రూపాయల మీద పండుగ తగ్గింపు ఇచ్చి, ఆ మిగిలిన దాని మీద ఇంకో తగ్గింపు ఇచ్చినట్టు. అందుకే మూడు నాలుగు చోట్ల వేసుకున్నాక ఇంకో 8% కోసం మంచి దెబ్బనిచ్చే గుణాన్ని వదులుకోవద్దని చెబుతాను. పెంచాలనే ఉంటే లియోరిక్స్ క్రౌన్ చూడండి. అందులో పెట్టిన రత్నం బలాన్ని అది 75 నుంచి 100% దాకా పెంచుతుంది.

ఆర్కాన్ (విజార్డ్ కాసేపు శక్తిరూపంగా మారే నైపుణ్యం) ఆడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆర్కాన్ రూపం 20 సెకన్లు, కూల్‌డౌన్ 120 సెకన్లు. కూల్‌డౌన్ తగ్గింపు ఒక్కదానితోనే దాన్ని ఎప్పుడూ ఉండేలా చేయడం కుదరదు. ఆ ఖాళీని తగ్గించడానికి సాయపడేదే ఇన్-జియోమ్.

అపోహ: ఇన్-జియోమ్ దొరికితే ఈథర్ వాకర్‌ను పారేయొచ్చు

ఈ మాట అన్నవాళ్లతో నేను చాలాసార్లు వాదించాను. ఇన్-జియోమ్ ఒక ఎలైట్ గుంపును చంపిన తర్వాత 15 సెకన్ల పాటు మన నైపుణ్యాల కూల్‌డౌన్‌లను 8 నుంచి 10 సెకన్లు తగ్గిస్తుంది. టెలిపోర్ట్ కూల్‌డౌన్ 11 సెకన్లు. అంటే ఆ 15 సెకన్లూ మనం దాదాపు ఆగకుండా ఎగురుతూ ఉండొచ్చు. ఆ లోపు ఇంకో ఎలైట్ గుంపు దొరికితే మళ్లీ 15. దొరకకపోతే? ఉన్నట్టుండి మన విజార్డ్ నడిచే మనిషైపోతాడు.

ఈథర్ వాకర్ దండం వేరే రకం. టెలిపోర్ట్‌కు కూల్‌డౌన్ అసలే ఉండదు, ఎగిరిన ప్రతిసారీ 25 ఆర్కేన్ పవర్ ఖర్చవుతుంది. ఎలైట్లు ఉన్నా లేకపోయినా దానికి ఒకటే.

కాబట్టి నేను చోటును బట్టి మారుస్తాను. రిఫ్ట్‌లో శత్రువులు దట్టం, ఎలైట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, అక్కడ ఇన్-జియోమ్. బౌంటీల్లో (బయటి మ్యాపుల్లో పూర్తి చేసే చిన్న పనుల్లో) పొడవాటి ఖాళీ దారులు, గుంపులు ఎక్కడో ఒకటి, అక్కడ ఈథర్ వాకర్. రిఫ్ట్‌లో ఇన్-జియోమ్ తెగిపోకుండా నెమెసిస్ బ్రేసర్స్ వేసుకోండి. ప్రతి ష్రైన్, పైలాన్ (ముట్టుకుంటే కాసేపు బలమిచ్చేవి) ముట్టుకోగానే ఒక ఎలైట్ పుట్టుకొస్తుంది, దాన్ని చంపితే 15 సెకన్లు మళ్లీ మొదలు. ఎక్కువ శత్రువులు పుట్టుకొస్తారని వాటిని చూసి భయపడేవాళ్లు ఉన్నారు. ఫార్మింగ్‌లో ఆ ఎలైటే మనకు కావాల్సింది.

ఏ సెట్ (కలిపి వేసుకుంటే అదనపు బలమిచ్చే వస్తువులు) అని అడుగుతారు. వైర్ సెట్‌తో చాంటోడో జంట నా మొదటి ఎంపిక. వైర్ రెండు ముక్కలతో ఆర్కాన్ రూన్లన్నీ (ఆ నైపుణ్యంలోని రకాలన్నీ) ఒకేసారి వస్తాయి, టెలిపోర్ట్ కూడా అందులోదే. చాంటోడో వల్ల ఆర్కాన్‌లో ఉన్నంతసేపూ మన చుట్టూ సెకనుకోసారి అల కొడుతుంది, గురిపెట్టే పనే లేదు. దూసుకుపోతుంటే వెనుక శత్రువులు రాలిపోతుంటారు. చాంటోడో రెండు చేతులనూ ఆక్రమిస్తుంది కాబట్టే ఇన్-జియోమ్‌ను క్యూబ్‌లో పెట్టాలి. టాల్ రాషా కూడా మంచిదే, కానీ దాని పూర్తి బలం కోసం నాలుగు మూలకాలతో కొట్టాలి, ఒక్కో మూలకం ప్రభావం 8 సెకన్లే ఉంటుంది. వేళ్లకు పని ఎక్కువ. రెండు గంటలు ఆడితే ఆ తేడా మణికట్టుకు తెలుస్తుంది.

అపోహ: ఒక్క శత్రువునూ వదలకుండా మ్యాప్ మొత్తం తుడవాలి

శెనక్కాయ చెట్లు పెరికిన తర్వాత చేలో మిగిలిన కాయలను పరిగె ఏరుకుంటారు. ఆ పని కోత కూలీలు చేయరు, వాళ్లకు తర్వాతి మడి ఎదురుచూస్తూ ఉంటుంది. మూలన మిగిలిన ఇద్దరు అస్థిపంజరాల కోసం వెనక్కి తిరిగేవాళ్లను చూస్తే నాకు ఇదే చెప్పాలనిపిస్తుంది. గుంపులో ఎక్కువ భాగం పడిపోగానే ముందుకు వెళ్లండి. ఎలైట్‌ను మాత్రం వదలకండి, రిఫ్ట్ ఎంత పూర్తయిందో చూపే బార్ గబగబా నిండేది అవి చచ్చినప్పుడు రాల్చే గోళాలతోనే.

అపోహ: వేగం కావాలంటే రక్షణంతా తీసేయాలి

ఒక్క చావు మూడు రిఫ్టుల్లో సంపాదించిన సెకన్లను తినేస్తుంది. గ్రేటర్ రిఫ్ట్‌లో అయితే చచ్చిన ప్రతిసారీ మళ్లీ లేవడానికి పట్టే టైమ్ పెరుగుతుంది. గోల్డ్‌రాప్ ఉన్నా చావు దెబ్బ నుంచి కాపాడే అన్‌స్టేబుల్ అనామలీ పాసివ్‌ను నేను తీయను. ఒక విషయం గుర్తుంచుకోండి. గ్రేటర్ రిఫ్ట్‌లో బంగారం పడదు, కాబట్టి హోర్డర్, గోల్డ్‌రాప్ గొలుసు అక్కడ పనిచేయదు. మామూలు రిఫ్ట్, బౌంటీల గేర్‌ను అలాగే వేసుకుని గ్రేటర్ రిఫ్ట్‌లో దూరి చచ్చినవాళ్లను మా సెంటర్‌లోనే చాలామందిని చూశాను. ఆర్మరీలో రెండు బిల్డ్‌లూ విడివిడిగా దాచుకోండి.

అపోహ: ఎక్కువ ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే ల్యాగ్ పోతుంది

డయాబ్లో 3 కంప్యూటర్‌లో నెట్ లేకుండా నడవదు. మనం ఎంచుకోగలిగేది అమెరికాస్, యూరప్, ఆసియా. ఏది ఎంచుకున్నా మన మాట సముద్రాలు దాటి వెళ్లి రావాలి. ఎంబీపీఎస్ అంటే పైపు వెడల్పు. మన క్లిక్ వెళ్లి రావడానికి పట్టే టైమ్ వేరే సంగతి, దూరం, దారి బట్టి ఉంటుంది. 40 నుంచి 200కు ప్లాన్ మార్చుకుని నిరాశపడినవాళ్లు నాకు తెలుసు. టెలిపోర్ట్ విజార్డ్‌కు ఈ ఆలస్యం మరీ చేదు. ఎగిరామనుకుంటాం, రెప్పపాటులో మళ్లీ పాత చోటే కనబడతాం.

చేయగలిగింది చేయాలి. వైఫై వదిలి కేబుల్ వేయండి. మూడు ప్రాంతాల్లోనూ ఒక్కో గంట ఆడి మీ ఇంటికి ఏది నిలకడగా ఉందో చూసుకోండి. కానీ ప్రతి ప్రాంతంలో క్యారెక్టర్లు వేరు, ముందే తేల్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాలో కరెంటు పోయే టెన్షన్ ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌తో పాటు రూటర్‌ను కూడా ఇన్వర్టర్ మీద పెట్టండి. హార్డ్‌కోర్ (ఒక్కసారి చస్తే మళ్లీ లేవని) క్యారెక్టర్‌తో స్పీడ్ ఫార్మింగ్ చేసేవాళ్లకు ఇది మరీ మరీ చెబుతాను. మా తమ్ముడి విజార్డ్ పారాగాన్ 700 దాటాక, రూటర్ ఆగిన పది సెకన్లలో శాశ్వతంగా పోయింది. వాడు ఆ తర్వాత రెండు నెలలు గేమ్ తెరవలేదు.

అపోహ: రిఫ్ట్‌లో ఎంత వేగంగా ఉన్నామన్నదే లెక్క

గుత్తి కుర్రాడికి ఒక కాగితం ఇచ్చి ఐదు రిఫ్టులు వరుసగా ఆడమన్నాను. రిఫ్ట్ తెరిచిన టైమ్, గార్డియన్ పడిన టైమ్, మళ్లీ తెరిచిన టైమ్ రాయమన్నాను. ఐదింటికి లోపల గడిపింది 21 నిమిషాలు. గేమ్‌లోని ఊళ్లో గడిపింది 11. ప్రతి పసుపు వస్తువునూ విప్పి చదువుతున్నాడు, ఒక్కో లెజెండరీని పాతదానితో పోలుస్తున్నాడు. చెస్ట్‌లో ఒక ట్యాబ్ ఖాళీ చేయించి, లెజెండరీలన్నీ అందులో పడేసి, ఐదు రిఫ్టులకోసారి మాత్రమే కూర్చుని చూడమన్నాను. పసుపువి కమ్మరి దగ్గర ఒక్క బటన్‌తో కరిగించేయమన్నాను. రెండో కాగితంలో ఊళ్లో గడిపిన టైమ్ 4 నిమిషాలకు వచ్చింది. దానికి కొత్త గేర్ ఒక్కటి కూడా అవసరం పడలేదు.