బాయిలర్ ఊపిరి చూసే పెట్టె

లెస్టర్, ఇంగ్లండ్,
జనవరి

చిన్నీ, బాబీ!

మీ ఉత్తరం అందింది. సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు నా పనిసంచిలో చూసిన నల్లపెట్టె ఏమిటని అడిగారు. ఫోనులా ఉంటుంది, దానికో రబ్బరు గొట్టం, గొట్టం చివర సన్నటి స్టీలు పుల్ల. చిన్నీ దాన్ని థర్మామీటర్ అనుకుని బాబీ చంకలో పెట్టబోయింది కదా, అమ్మమ్మ ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తోంది. నిజానికి చిన్నీ మరీ తప్పేమీ అనుకోలేదు. అదీ ఒంట్లో బాగుందో లేదో చూసేదే, కాకపోతే బాయిలర్‌కి. పేరు ఫ్లూ గ్యాస్ ఎనలైజర్. ఇక్కడ ఫ్లూ అంటే జ్వరం కాదు, పొగగొట్టం. అందులోంచి పోయే పొగను పరీక్షించే పెట్టె అన్నమాట.

ఈ చలిదేశంలో దాదాపు ప్రతి ఇంట్లోనూ బాయిలర్ ఉంటుంది. గ్యాస్ మంటతో నీళ్లు కాచి, గదిగదిలో ఉన్న రేడియేటర్లకు పంపిస్తుంది. మంట సరిగా మండితే గ్యాస్ కాస్తా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అయిపోతుంది. ఒక వంతు గ్యాస్‌కి సుమారు పది వంతులు గాలి కావాలి. గాలి చాలకపోతే ఏమవుతుందో మీ వంటింట్లోనే చూశారు. స్టవ్ బర్నర్ చిల్లులు పూడుకుపోతే మంట పసుపు తిరిగి గిన్నెల అడుగు మసిబారుతుంది, అమ్మ పిన్నీసు తీసుకుని బర్నర్ మీద పడుతుంది. మసి కంటికి కనిపిస్తుంది కాబట్టి పరవాలేదు. అదే మంటలోంచి కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మన రక్తంలో ఆక్సిజన్ ఎక్కాల్సిన చోటు అది ఆక్రమించేస్తుంది, అదీ ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని. తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి. జనం ఫ్లూ జ్వరమనుకుంటారు. బయటికెళ్తే తగ్గి, ఇంటికి రాగానే మళ్లీ మొదలైతే మాత్రం అనుమానించాలి. బాత్రూం తలుపు మూసుకుని గ్యాస్ గీజర్ వెలిగిస్తే మన దగ్గరా ఇదే జరుగుతుంది. మీ ఇంట్లో ఉన్నది కరెంటుదే అనుకోండి, నాకు తెలుసు, అయినా చెప్తున్నా.

పాత బాయిలర్లంటే నాకు ముద్దు. పోత ఇనుముతో చేసినవి, ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఫ్యాన్ ఉండదు. వేడి పొగ తేలిక కాబట్టి దానంతటదే పొగగొట్టంలోకి ఎక్కిపోవాలి. గొట్టం మొదట్లో డ్రాఫ్ట్ డైవర్టర్ అని గొడుగులాంటి తెరపి ఉంటుంది, అక్కడ గదిలో గాలి కూడా వచ్చి పొగలో కలుస్తుంది. అంటే నేను పుల్ల పెట్టి పీల్చే పొగలో గాలి ఎంత కలిసిందో నాకు తెలియదు. మరి కొలిచిన అంకెను నమ్మేదెలా?

పులుసులో నీళ్లు పోశారనుకోండి. ఉప్పు తగ్గుతుంది, కారం తగ్గుతుంది, కానీ ఉప్పుకీ కారానికీ ఉన్న లెక్క మారదు. ఎనలైజర్ పట్టుకునేది ఆ లెక్కనే. మోనాక్సైడ్‌ని డయాక్సైడ్‌తో భాగిస్తుంది. మోనాక్సైడ్ పది లక్షల వంతుల్లో 80 ఉంది, డయాక్సైడ్ 8 శాతం ఉంది. 8 శాతమంటే పది లక్షల్లో 80,000. భాగిస్తే 0.001. భేషైన మంట. పాత బాయిలర్లకి మామూలుగా 0.008 వరకు ఒప్పుకుంటారు, ఈ మధ్య వచ్చే కండెన్సింగ్ రకానికి (పొగలో పోయే వేడిని కూడా వాడుకునేది) 0.004 దాటకూడదు. తయారు చేసినవాళ్ల పుస్తకంలో వేరే అంకె రాసి ఉంటే దాన్నే పాటించాలి.

నేను రెండుసార్లు కొలుస్తాను. బాయిలర్ విప్పకముందు ఒకసారి, శుభ్రం చేసి మూశాక ఒకసారి. చాలామంది చివర్లో మాత్రమే కొలుస్తారు. అలాగైతే తమ చేతిలో అది బాగుపడిందో పాడైందో వాళ్లకెలా తెలుస్తుంది? ఒకింట్లో మొదటి అంకె 0.011 వచ్చింది. విప్పితే బర్నర్ నిండా కుక్క వెంట్రుకలు, పీచూ, దూదిలాగా. బ్రష్‌తో దులిపి పెడితే 0.002కి దిగింది. పక్కనే కూర్చున్న ఆ కుక్కకి ఇదేమీ పట్టలేదు.

ఇక నా తెలివితక్కువ పని. ఎనలైజర్‌ని ఎప్పుడూ ఆరుబయటే ఆన్ చేయాలి. అది మొదట పీల్చిన గాలిని మంచిగాలి అనుకుని, మోనాక్సైడ్ సున్నా, ఆక్సిజన్ 20.9 శాతం అని రాసిపెట్టుకుంటుంది. కొత్తలో ఒకరోజు జోరువాన. తడవడం ఎందుకులే అని వంటింట్లోనే ఆన్ చేశాను. అక్కడ ఆ ఇంటావిడ గ్యాస్ గ్రిల్ కింద రొట్టె కాలుస్తోంది. ఆ గాలినే నా పెట్టె సున్నా అనుకుంది. అంకె అందంగా వచ్చింది. నాకే ఎందుకో మనసొప్పక, వానలోకెళ్లి మళ్లీ ఆన్ చేసుకొచ్చి కొలిస్తే పెరిగింది. కోటు మాత్రం రెండ్రోజులకి గాని ఆరలేదు.

ఇంకో సంగతి. ఈ పెట్టెకి మంట గురించే తెలుసు, పొగ ఎటు పోతోందో తెలియదు. ఒక ముసలాయన ఇంట్లో అంకె చక్కగా ఉంది. అలవాటు ప్రకారం పొగపుల్ల, అంటే పొగ వదిలే అగ్గిపుల్ల లాంటిది, వెలిగించి డ్రాఫ్ట్ డైవర్టర్ అంచున పెట్టాను. పొగ లోపలికి లాగాలి కదా, నా మొహం మీదికే వచ్చింది. చూస్తే పైన చిమ్నీలో జాక్‌డా పిట్టలు గూడు కట్టాయి. మన కాకులకి చుట్టాలు, చిమ్నీ కనిపిస్తే పుల్లలు పడేస్తాయి. గ్యాస్ కట్టేసి, వాడొద్దని చీటీ కట్టి, ఆయనకి కరెంటు హీటర్ ఇచ్చి వచ్చాను. అంకె బాగుందని సంచి సర్దేసి ఉంటే ఆ పొగంతా గదిలోనే తిరిగేది. గదిగాలి చెడేకొద్దీ మంటా చెడేది.

బాబీ, నువ్వు కూడా ఒకటి కొనుక్కుని బాయిలర్ బాగుచేస్తానన్నావట. ఇక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్ అని గ్యాస్ పనివాళ్ల జాబితా ఉంది, అందులో పేరున్నవాళ్లే ఆ పని చేయాలి. 2009 ఏప్రిల్ 1 నుంచి అదే పద్ధతి, అంతకుముందు ఆ జాబితాని కోర్గీ అని పిలిచేవాళ్లు. ఎనలైజర్‌ని కూడా ఏడాదికోసారి పరీక్షకి పంపి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

ఈ పెట్టె బస్సు టికెట్ లాంటి చీటీ అచ్చు వేసి ఇస్తుంది. మొన్న మా బాయిలర్‌కి తీసింది కవర్లో పెట్టాను. మోనాక్సైడ్ పది లక్షల్లో 42, డయాక్సైడ్ 6 శాతం. చివరి వరుస కావాలనే చింపేశాను. లెక్క కట్టి నాకు రాయండి.

మీ తాతయ్య