పాటకూ సినిమాకూ ఒకే సెట్టు

పాటలకు వేరే స్పీకర్లు, సినిమాలకు వేరే స్పీకర్లు కావాలని షాపుల్లో చెబుతుంటారు. తమాషా ఏమిటంటే, శబ్దాన్ని రెండు స్పీకర్లకు పంచి ఏది ఎటునుంచి వస్తోందో తెలిసేలా చేసే స్టీరియో పుట్టిందే సినిమా హాల్లో. 1931లో అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు భార్యతో కలిసి సినిమాకు వెళ్ళాడట. నటుడు తెరకు ఈ చివర నిలబడితే మాటేమో ఆ చివరనున్న ఒక్క స్పీకరులోంచి వస్తోంది. అది ఆయనకు చిరాకు తెప్పించింది. ఆ డిసెంబరులోనే స్టీరియో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, అప్పటికి వయసు 28. స్టీరియో రికార్డులు బజారుకు వచ్చింది 1958లో. ఆయన పోయి అప్పటికే 16 ఏళ్ళు.

రెండు స్పీకర్లలోంచీ ఒకే గొంతు సమానంగా వస్తే, మెదడు ఆ గాయనిని వాటి నడుమ ఖాళీ జాగాలో కూర్చోబెడుతుంది. అయితే ఈ మాయ మధ్యలో కూర్చున్నవాడికే. రెండడుగులు పక్కకు జరిగితే దగ్గరి స్పీకరు శబ్దం ముందు చేరుతుంది, గాయని వెళ్ళి అందులో దూరుతుంది. పాటలు ఒక్కరే వింటారు కాబట్టి చిక్కు లేదు. సినిమాకు మాత్రం సోఫా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇంటిల్లిపాదీ ఉంటారు. టీవీ కింద పెట్టే సెంటర్ స్పీకరు అందుకే. సంభాషణల్లో ఎక్కువ భాగం దాన్లోంచే వస్తాయి. మాటలు వినబడట్లేదని సౌండు పెంచడం, ఫైటు రాగానే తగ్గించడం మీ ఇంట్లోనూ ఉంటే, మొత్తం వాల్యూమ్ జోలికి పోకుండా రిసీవరు, అంటే స్పీకర్లన్నిటినీ నడిపే డబ్బా, సెట్టింగుల్లో సెంటర్ ఒక్కటీ రెండు మూడు డెసిబెల్స్ (శబ్దం హెచ్చుతగ్గుల కొలత) పెంచి చూడండి.

అసలు పేచీ గదితో. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మా హాలు పొడవు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు. సెకనుకు 47 సార్లు కంపించే శబ్దానికి తరంగం పొడవు దాదాపు దీనికి రెట్టింపు. అది ఎదురెదురు గోడల మధ్య చిక్కుకుని నిలబడిపోతుంది: గోడల దగ్గర ఉరుము, గది నడిమధ్య దాదాపు నిశ్శబ్దం. బేస్ గిటారులో ఆ ఒక్క స్వరం దగ్గరికి రాగానే కిటికీ అద్దాలు గలగలమంటాయి, పక్క స్వరం మామూలుగా ఉంటుంది. స్పీకరు పాడైందనుకుని దాన్ని మార్చేవాళ్ళున్నారు. మన ఇళ్ళలో సోఫా ఎప్పుడూ గోడకు ఆనించే ఉంటుంది, అంటే ఉరుము ఉన్నచోటే మన తల. పైగా నేల టైల్స్, గోడలు సిమెంటు. ఖాళీ హాల్లో ఒక చప్పట కొట్టి వినండి, దాని వెనకే టింగుమని తోక వినిపిస్తుంది. మందపాటి కర్టెన్లు, ఒక కార్పెట్టు ఆ తోకను కత్తిరిస్తాయి. బేసును, అంటే ఆ కింది స్వరాల ఉరుమును, మాత్రం అవి ఏమీ చేయలేవు.

బేస్ కోసమే ఉండే స్పీకరు సబ్‌వూఫరు. దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చడానికి నవ్వొచ్చే పద్ధతి ఒకటుంది, నేను చేశాను కూడా. దాన్ని ఎత్తి సోఫాలో మనం కూర్చునేచోట పెట్టి, బేస్ గిటారు బాగా వినిపించే పాట ఒకటి వేసి, మనం నేలమీద గోడల వెంబడి పాకుతూ వినాలి. ఏ మూల స్వరాలన్నీ ఒకే తూకంలో వినిపిస్తే అక్కడ దాన్ని దించడమే. 80 హెర్ట్జ్, అంటే సెకనుకు 80 కంపనాల కంటే కింది శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో చెవికి పెద్దగా అందదు, కాబట్టి అది టీవీ పక్కనే ఉండనక్కర్లేదు.

ఇక వాట్లు. డబ్బామీది పీఎంపీఓ, అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి అని వేసే అంకెకు ఒక పద్ధతంటూ లేదు, నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ చూడండి. అదైనా 50 నుంచి 100కు పెరిగితే దక్కేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పదింతలు కావాలి.

నన్నడిగితే ముందు రిసీవరూ రెండు మంచి స్పీకర్లూ కొనండి, సబ్‌వూఫరూ సెంటరూ తర్వాత చేర్చుకోవచ్చు. వెనక స్పీకర్లు ఆఖరికి. అదే డబ్బుకు అరడజను నాసిరకం డబ్బాలు ఇస్తామన్నా వద్దనండి.

నేనైతే సోఫాను గోడ నుంచి మూడడుగులు ముందుకు లాగాను. ఉరుము తగ్గింది. నడిచే దారికి అడ్డమొస్తోందని మా ఆవిడ రెండుసార్లు వెనక్కి నెట్టేసింది.