స్పీకర్ వైరు కొనేముందు: అపోహలు - వాస్తవాలు

యాంప్లిఫయర్ పంపిన కరెంటును దారిలో తినేయకుండా స్పీకర్‌కి చేర్చాలి. వైరు పని అంతే. ఎంత తింటుందనేది మూడిటి మీద ఉంటుంది: వైరు పొడవు, లోపలి లోహం మందం, ఆ లోహం నిజంగా రాగేనా కాదా. ఈ మూడూ కుదిరి, చివర్లు గట్టిగా బిగిస్తే ఇక దాని సంగతి మర్చిపోవచ్చు. షాపు కౌంటర్ దగ్గర మాత్రం ఈ మూడూ తప్ప మిగతావన్నీ మాటల్లోకొస్తాయి.

అపోహ: లావుగా ఉంటే మంచి వైరు

లావు ఎవరిది, పీవీసీదా రాగిదా? పారదర్శకమైన తొడుగు భూతద్దంలా పనిచేస్తుంది. లోపలి పోగులు ఉన్నదానికంటే లావుగా కనిపిస్తాయి. పక్క నుంచి కాదు, కోసిన చివర చూడాలి.

మన దగ్గర వైరు సైజుకి మూడు భాషలు నడుస్తాయి. ఇంటి వైరింగ్ వైరును స్క్వేర్ ఎంఎంలో అడుగుతాం: ఒకటి, ఒకటిన్నర, రెండున్నర. ఫ్లెక్సిబుల్ వైరుకి ఇప్పటికీ పాత లెక్కే: 23/76, 40/76, 70/76. మొదటి అంకె పోగుల సంఖ్య. 76 అంటే ఒక్కో పోగు మందం 0.0076 అంగుళం, అంటే 0.19 మి.మీ. ఆ లెక్కన 23/76లో ఉండే రాగి 0.67 స్క్వేర్ ఎంఎం, 40/76లో 1.17, 70/76లో 2.05. ఆడియో షాపులో మాత్రం అమెరికన్ గేజ్ చెబుతారు: 18 గేజ్ అంటే 0.82 స్క్వేర్ ఎంఎం, 16 అంటే 1.3, 14 అంటే 2.1, 12 అంటే 3.3. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది, మూడంకెలు తగ్గితే రాగి రెట్టింపు.

తొడుగు మీద అచ్చేసిన అంకెను నమ్మబుద్ధి కాకపోతే చివర పోగులు లెక్కపెట్టి, ఒక పోగు మందం మైక్రోమీటర్‌తో కొలవండి. మందాన్ని మందంతో గుణించి, దాన్ని 0.785తో, ఆ వచ్చినదాన్ని పోగుల సంఖ్యతో గుణిస్తే స్క్వేర్ ఎంఎం వస్తుంది. 0.25 మి.మీ. పోగులు 50 ఉంటే 2.45, అంటే అది నిజమైన రెండున్నర.

అపోహ: వైరు సన్నదైతే సౌండ్ కాస్త తగ్గుతుంది, వాల్యూమ్ పెంచుకుంటే సరి

నష్టం సౌండ్‌లోనే అయితే బాధ లేదు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి వైరు 0.4 ఓమ్ (కరెంటుకి ఉండే అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు) అడ్డుపడితే తగ్గేది 0.4 డెసిబెల్, నాబ్ ఒక పిసరు తిప్పితే పోయేది. అసలు తేడా స్వరంలో వస్తుంది. 8 ఓమ్‌లు అని వెనక రాసున్నా స్పీకర్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 8 ఓమ్‌లు ఉండదు. ఒకచోట 3.5కి దిగుతుంది, ఇంకోచోట 20కి ఎక్కుతుంది. 0.4 ఓమ్ వైరు వేస్తే 3.5 దగ్గర దాదాపు 0.9 డెసిబెల్ పోతుంది, 20 దగ్గర 0.2 కూడా పోదు. అంటే స్పీకర్ కంపెనీ కుదిర్చిన సమతూకం మీద మీ వైరు ఈక్వలైజర్ తిప్పినట్టే. అదే వైరు 0.1 ఓమ్ అయితే ఆ తేడా 0.2 డెసిబెల్‌కి పడిపోతుంది.

అందుకే వాడుకలో ఒక లెక్క ఉంది: రానూపోనూ వైరు మొత్తం అడ్డు, స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకూడదు. మంచి రాగి జంట వైరైతే 8 ఓమ్‌ల స్పీకర్‌కి, ఒకవైపు పొడవు లెక్కన, 1 స్క్వేర్ 10 మీటర్ల దాకా, ఒకటిన్నర 15 దాకా, రెండున్నర 25 దాకా, 4 స్క్వేర్ 40 దాకా వెళ్లొచ్చు. 4 ఓమ్‌ల స్పీకర్‌కి వీటన్నిటినీ సగం చేసుకోండి. 6 ఓమ్‌లకి ముప్పావు. ఎక్కువమంది హాల్లో ముందు స్పీకర్లకి ఒకటిన్నర, వెనక స్పీకర్లకి రెండున్నర సరిపోతుంది. 4 స్క్వేర్ వేసినా నష్టం లేదు గానీ, చిన్న స్పీకర్ల వెనక స్ప్రింగ్ క్లిప్‌లో అది దూరదు.

పొడవు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. 12 × 15 అడుగుల హాలు, టీవీ 12 అడుగుల గోడకి. వెనక స్పీకర్ "15 అడుగుల దూరమే కదా" అని అయిదు మీటర్లు కొంటారు. వైరు హాలు మధ్యలోంచి గాల్లో వెళ్లదు. యాంప్లిఫయర్ నుంచి మూలకి 2 మీటర్లు, పక్క గోడ వెంట 4.5, స్పీకర్ ఎత్తుకి 1.2, రెండు చివర్లా అరేసి మీటరు వదలాలి. మొత్తం 8.7. ఫాల్స్ సీలింగ్ మీదుగా పోతే ఎక్కే ఎత్తు, దిగే ఎత్తు కూడా కలపాలి. ముందు పురికొసతో దారి కొలిచి, ఆ తర్వాత షాపుకి వెళ్లండి.

ఒకే డబ్బాలో వచ్చే హోమ్ థియేటర్ స్పీకర్లతో ఇంకా జాగ్రత్త. వాటిలో 3, 4 ఓమ్‌లవి చాలా ఉంటాయి. 3 ఓమ్‌ల స్పీకర్‌కి 23/76 పది మీటర్లు లాగితే అడ్డు అర ఓమ్ పైనే, అంటే 17 శాతం.

అపోహ: సీసీఏ కూడా రాగి వైరే, పైన రాగే ఉంటుంది

పైన రాగి, లోపల అల్యూమినియం. సీసీఏ అంటే అదే, రాగి పూసిన అల్యూమినియం. "కరెంటు పైపొరలోనే పోతుంది కాబట్టి లోపల ఏదైనా ఒకటే" అనే వాదన రేడియో ఫ్రీక్వెన్సీలకి చెల్లుతుంది, యాంటెన్నా కేబుల్లో బాగా పనిచేస్తుంది కూడా. ఆడియోలో చెల్లదు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా కరెంటు రాగిలో దాదాపు అర మిల్లీమీటరు లోతుకి దిగుతుంది, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 2 మి.మీ.కి. సన్న పోగు లోపలిదాకా కరెంటు పోవాల్సిందే, అక్కడున్నది అల్యూమినియం. ఓమ్‌లలో చూస్తే రెండున్నర సీసీఏ చేసే పని ఒకటిన్నర రాగి వైరు కంటే కాస్త మేలు, అంతే.

సీసీఏ పనికిరానిదని కాదు. ఒక సైజు పెద్దది తీసుకుని, ఆ సంగతి తెలిసి, ఆ ధరకే కొంటే ఇబ్బంది లేదు. రాగి ధర పెట్టి ఇది తెచ్చుకుంటేనే బాధ. ఇంకో లోపం, పోగులు పెళుసు. స్క్రూ కింద రెండు మూడుసార్లు బిగించి విప్పితే పుటుక్కుమంటాయి.

పట్టుకోవడం సులువే. ఒక పోగును బ్లేడుతో గట్టిగా గీకండి. లోపల తెల్లగా మెరిస్తే సీసీఏ. పైన తెల్లగా ఉండి గీకితే ఎర్రగా కనిపిస్తే అది తగరం పూసిన రాగి, మంచిదే, తికమకపడొద్దు. రెండో దారి తూకం. రెండున్నర జంట వైరు పది మీటర్ల చుట్టలో రాగి ఒక్కటే సుమారు 445 గ్రాములుండాలి, పీవీసీ బరువు దానికి అదనం. మొత్తం చుట్టే 400 గ్రాములు తూగితే ఇక చెప్పేదేముంది. మూడోది మల్టీమీటర్. 100 మీటర్ల చుట్ట కొంటుంటే ఒక చివర రెండు వైర్లనూ కలిపి రెండో చివర కొలవండి. రెండున్నర రాగి అయితే 1.6 ఓమ్ దగ్గర చూపాలి, సీసీఏ అయితే 2.5 దగ్గర. కొలిచేముందు మీటరు ప్రోబ్‌లు రెండూ ఆనించి చూడండి. మామూలు మీటర్లు అక్కడే 0.2, 0.3 చూపిస్తాయి, అది తీసేయాలి.

అపోహ: ఆక్సిజన్ లేని రాగి అయితేనే మ్యూజిక్

వైరింగ్‌లో వాడే మామూలు ఎలక్ట్రోలైటిక్ రాగి స్వచ్ఛత 99.9 శాతం. ఆక్సిజన్ లేని రాగి, అంటే ఓఎఫ్‌సీది 99.95 పైన. కరెంటు మోయడంలో తేడా 1 శాతం దాకా ఉంటే ఎక్కువ. వైరు ఓ పది సెంటీమీటర్లు పొట్టిగా కోసినా ఆ తేడా పూడుతుంది. ఓఎఫ్‌సీ అనే మాట వల్ల ఒక లాభముంది, నిజంగా ఓఎఫ్‌సీ అయితే సీసీఏ కాదన్న భరోసా.

అపోహ: హౌస్ వైరు ఆడియోకి పనికిరాదు

భేషుగ్గా పనికొస్తుంది. ఐఎస్ఐ మార్కున్న ఒకటిన్నర ఎఫ్ఆర్ (మంట తేలిగ్గా అంటుకోని తొడుగున్న) వైరులో ఉన్నది అదే రాగి, సైజులో మోసం కూడా తక్కువ. కాకపోతే అది ఒంటి వైరు. ఎరుపు ఒక గోడ వెంట, నలుపు ఇంకో గోడ వెంట లాగితే వాటి మధ్య ఖాళీ పెరిగి ఇండక్టెన్స్ (ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎక్కువయ్యే అడ్డు) పెరుగుతుంది, పైస్థాయి శబ్దాలు కొద్దిగా మందగిస్తాయి. రెండూ కలిపి ఒక చివర కిటికీ ఊచకి కట్టి, రెండో చివర డ్రిల్ చక్‌లో బిగించి మెల్లగా మెలివేయండి. మెలికలో పొడవు తరుగుతుంది, పదో వంతు ఎక్కువ తీసుకోండి. ముఖ్యమైన మాట ఇంకొకటి: చూడ్డానికి ఇది కరెంటు వైరే. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ మెయిన్స్ అనుకుని కలిపితే స్పీకర్, యాంప్లిఫయర్ రెండూ పోతాయి. రెండు చివర్లా "స్పీకర్" అని చీటీ అంటించండి.

అపోహ: ఎడమ, కుడి వైర్లు ఒకే పొడవుండాలి

అయిదు మీటర్ల తేడాకి సిగ్నల్ ఆలస్యం సెకనులో వంద కోట్ల వంతులు ఓ పాతిక. ఆ వ్యవధిలో శబ్దం గాల్లో మిల్లీమీటరులో వందో వంతు కూడా కదలదు. స్పీకర్ రెండు అంగుళాలు జరిపితే వచ్చే తేడా దానికి కొన్ని వేల రెట్లు. పొడవు సమానం చేయడానికి మిగిలిన వైరును చుట్ట చుట్టి ర్యాక్ వెనక పడేయడం ఎందుకు, కోసేయండి. వైరు మీది బాణం గుర్తు కూడా ఇలాంటిదే. స్పీకర్‌కి పోయే కరెంటు సెకనుకి కొన్ని వందలసార్లు, వేలసార్లు అటూ ఇటూ తిరుగుతుంది, బాణం ఎటుంటే ఏంటి. వంద గంటలు మోగితే వైరు "సెట్" అవుతుందన్నదీ అంతే. సెట్ అయ్యేది చెవి.

అపోహ: మోగుతోందంటే కనెక్షన్ సరిగ్గా ఉన్నట్టే

ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారైనా మోగుతుంది. కానీ బాస్ మాయమవుతుంది, పాడేవాళ్ల గొంతు మధ్యలోంచి కాకుండా ఎక్కడినుంచో వచ్చినట్టుంటుంది. కొత్త సబ్‌వూఫర్ కొనేముందు ఇది చూసుకోండి. గోడలో పోయిన వైరుకి రంగు తెలియకపోతే యాంప్లిఫయర్ నుంచి విప్పి, ఆ చివర 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ తగిలిన వైరు స్పీకర్ ప్లస్‌కి వెళ్తుంటే వూఫర్ కోన్ ముందుకి తోసుకొస్తుంది. లోపలికి పోతే తిరగబడిందని అర్థం. సెల్ అలాగే పట్టుకుని ఉండొద్దు. విడిగా ఉన్న ట్వీటర్ (పైస్థాయి శబ్దాల చిన్న స్పీకర్) మీద ఈ పరీక్ష అసలే వద్దు.

అపోహ: చివర్లకి టంకం వేస్తే జాయింట్ గట్టిపడుతుంది

స్క్రూ కింద బిగించే చోట టంకం వద్దు. అది మెత్తటి లోహం, ఒత్తిడికి మెల్లగా జారి కొన్ని నెలల్లో స్క్రూ వదులవుతుంది. 12 మి.మీ. తొడుగు తీసి, పోగులు ఒకే వైపుకి బిగుతుగా మెలివేసి నేరుగా పెట్టండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ని తాకినా యాంప్లిఫయర్ ప్రొటెక్ట్‌లోకి పోతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది, రక్షణ లేనిదైతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. రిపేరుకిచ్చే ముందు చూడాల్సిన మొదటి చోటు ఇదే. వైరు చివర బిగించి టెర్మినల్‌లో గుచ్చే బనానా ప్లగ్ వల్ల స్వరం మారదు, ఈ పోగుల గొడవ మాత్రం తప్పుతుంది. స్పీకర్ వైరుకి టూ పిన్ ప్లగ్ మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని గోడ సాకెట్‌లో గుచ్చుతారు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో పారదర్శకమైన వైరు లోపల రాగి పచ్చగా మారడం మామూలే. మధ్యలో పచ్చబడితే ఏమీ కాదు. చివర నల్లబడితే ఓ అంగుళం కోసి కొత్తగా ఒలవండి. అందుకే రెండు చివర్లా అరమీటరు వదలమన్నది.

అపోహ: కరెంటు పైపులోనే లాగేయొచ్చు, పైపు మిగులుతుంది

హమ్ (గుయ్యిమనే శబ్దం) రాకపోవచ్చు, స్పీకర్ లైను అంత తేలిగ్గా హమ్ పట్టదు. భయం దానికి కాదు. పల్చటి తొడుగు ఉన్న స్పీకర్ వైరు 230 వోల్టులతో ఒకే పైపులో ఒరుసుకుంటే, తొడుగు చిట్లిన రోజు యాంప్లిఫయర్ వెనక చెయ్యి పెట్టినవారికి షాక్. స్లాబ్ వేసేటప్పుడో గోడ కోసేటప్పుడో 25 మి.మీ. పైపు విడిగా వేయించండి. మలుపుల దగ్గర ఎల్బో కాకుండా బెండ్ వాడండి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేయండి. పైపు మధ్యలో జాయింట్ వేయొద్దు. పవర్డ్ సబ్‌వూఫర్‌కి (లోపలే సొంత యాంప్లిఫయర్ ఉన్నదానికి) వెళ్లేది స్పీకర్ వైరు కాదు, షీల్డ్ ఉన్న ఆర్‌సీఏ కేబుల్. హమ్ పట్టేది అదే, కాబట్టి దాన్ని కూడా ఈ పైపులోనే కరెంటుకి దూరంగా పోనివ్వండి. లాగేముందే రెండు చివర్లా నంబర్లు వేయండి. అయిదు జతల వైర్లు ఒకేసారి పెట్టెలోంచి బయటికొచ్చాక ఏది దేనిదో చెప్పడానికి మళ్లీ పెన్సిల్ సెల్ వెతుక్కోవాలి.