నాలుగు పెన్సిల్ సెల్లుల ముందు ఓడిన రంగుల తెర

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ల పోరు మళ్ళీ వేడెక్కింది. 2025 జూన్ 5న నింటెండో స్విచ్ 2 వచ్చింది, మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడైంది. అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్, అసుస్ కలిసి ఎక్స్‌బాక్స్ పేరుతో చేతి మెషీన్లు దింపాయి. వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ 2022 నుంచే బజారులో ఉంది. ఎవరి చిప్పు గట్టిది, ఎవరి తెర పెద్దది అన్న లెక్కలు యూట్యూబ్ నిండా కనిపిస్తున్నాయి. ఈ రంగం పాత కథ తెలిసినవాళ్ళకి మాత్రం ఆ లెక్కల మీద అంత గురి కుదరదు. ముప్ఫై అయిదేళ్ళ కింద ఇదే పోరులో, కాగితం మీద అందరికన్నా బలహీనంగా కనిపించిన మెషీనే మిగతావాటిని సాగనంపింది.

ఆ మెషీన్ పేరు గేమ్ బాయ్. దాని వెనక ఉన్న మనిషి గున్‌పే యొకోయి. నింటెండో ఇంకా పేకముక్కలు అచ్చువేసుకునే క్యోటో కంపెనీగా ఉన్న రోజుల్లో, అక్కడి యంత్రాల బాగోగులు చూసే ఉద్యోగంలో చేరాడు. ఖాళీ సమయంలో సరదాకి చేసుకున్న ఒక సాగే చెయ్యి బొమ్మ యజమాని హిరోషి యమౌచి కంట పడింది. 1966లో అది బొమ్మల దుకాణాలకెక్కింది, యొకోయి బొమ్మల తయారీలోకి మారాడు. తర్వాత ఒకసారి రైల్లో వెళ్తూ, పక్కన ఉద్యోగస్థుడొకడు ఊసుపోక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూశాడట. అలా పుట్టిన ఆలోచనే 1980లో వచ్చిన ‘గేమ్ అండ్ వాచ్’ అనే జేబు గేమ్ మెషీన్. క్యాలిక్యులేటర్ కంపెనీల పోటీ పుణ్యమా అని అప్పటికి ఎల్‌సీడీ తెరలు చవకయ్యాయి, ఆయన వాటినే తెచ్చి ఆటకి పెట్టాడు.

అందరూ వాడి వాడి నలిగిపోయిన, లోటుపాట్లన్నీ బయటపడిపోయిన, అందువల్ల చవగ్గా దొరికే టెక్నాలజీని తీసుకుని ఎవరూ అనుకోని పనికి వాడటం యొకోయి పద్ధతి. వినడానికి పిసినారి మాటలా ఉంటుంది గానీ, గేమ్ బాయ్ విప్పి చూస్తే లోపల ఉన్నది ఇదే. 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో 12,500 యెన్లకి విడుదలైంది. తెర మీద ఆకుపచ్చగా కనిపించే నాలుగు ఛాయలు తప్ప రంగుల్లేవు. తెర వెనక దీపం కూడా లేదు, కాబట్టి రాత్రి దుప్పట్లో దూరి ఆడటం కుదరదు. బొమ్మ వేగంగా కదిలితే మసకబారేది.

అదే ఏడాది అమెరికాలో అటారీ కంపెనీ లింక్స్ దింపింది. రంగుల తెర, వెనక దీపం, దమ్మున్న చిప్పు, అన్నీ ఉన్నాయి. ధర మాత్రం 180 డాలర్లు, అక్కడ గేమ్ బాయ్ 90 డాలర్లే. 1990 అక్టోబరులో సెగా తన గేమ్ గేర్‌తో జపాన్‌లో రంగంలోకి దిగింది. అమెరికాలో సెగా ప్రకటనలు గేమ్ బాయ్‌ని ఆడిపోసుకునేవి. ఒక ప్రకటనలో కుక్క బొమ్మ వేసి, రంగులు కనపడనివాళ్ళకీ తెలివి లేనివాళ్ళకీ ఏ మెషీనైనా ఒకటేనని వెక్కిరించారు. చూడటానికి గేమ్ గేర్ నిజంగానే బాగుండేది. పక్కపక్కన పెడితే గేమ్ బాయ్ వెలిసిపోయిన ఫొటోలా కనిపించేది.

అసలు కథ వెనక మూత తీస్తే తెలిసేది. గేమ్ బాయ్‌లో నాలుగు పెన్సిల్ సెల్లులు, గేమ్ గేర్‌లో ఆరు. అప్పటి రంగుల ఎల్‌సీడీ తనలోంచి వెలుతురుని చాలా తక్కువగా పోనిచ్చేది, అందుకని దాని వెనక చిన్నపాటి ట్యూబ్‌లైట్ లాంటిది ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. సెల్లుల్ని తాగేసేది అదే. ఆరు సెల్లులు మూడు నుంచి అయిదు గంటలు వచ్చేవి. గేమ్ బాయ్ తెరకి గదిలో వెలుతురే చాలు, దాని నాలుగు సెల్లులు పది గంటలకు పైనే ఆగేవి. ఒకసారి లెక్క వేద్దాం. పిల్లవాడు సెలవుల్లో 30 గంటలు ఆడాడనుకుంటే, గేమ్ బాయ్‌కి 12 సెల్లులు సరిపోతాయి. గేమ్ గేర్‌కి నాలుగు గంటల చొప్పున వేసుకున్నా 45 కావాలి. మెషీన్ ఒకసారే కొంటారు, సెల్లులు నెలనెలా కొనాలి. డబ్బులిచ్చేది నాన్న. సెగా ప్రకటనల్లో ఆయన ఊసే లేదు.

ఇంకో సంగతి టెట్రిస్. మాస్కోలో అలెక్సీ పజిత్‌నోవ్ 1984లో రాసిన ఆట అది. సోవియట్ ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్న దాని హక్కుల కోసం హెంక్ రోజర్స్ అనే వీడియో గేమ్ వ్యాపారి 1989 ఫిబ్రవరిలో స్వయంగా మాస్కో వెళ్ళాడు. చేతి మెషీన్ల హక్కులు సంపాదించుకుని వచ్చాడు. అమెరికాలో గేమ్ బాయ్ పెట్టెలోనే టెట్రిస్ పెట్టి అమ్మారు. ఇటుకలు పేర్చే ఆటకి రంగులతో పనేముంది? నాలుగు ఛాయలు ఎక్కువే. పిల్లలతో పాటు పెద్దవాళ్ళూ ఆఫీసు బ్యాగుల్లో పెట్టుకు తిరిగారు.

మన దగ్గర చాలామంది పిల్లలు గేమ్ బాయ్‌ని చూడనే లేదు. 90లలో ఎగ్జిబిషన్లలో, ఫ్యాన్సీ షాపుల్లో దొరికిన బ్రిక్ గేమే వాళ్ళకి తెలిసిన చేతి వీడియో గేమ్. పైన 9999 ఆటలని రాసి ఉండేది. లోపల పట్టుమని పాతిక ఉంటే ఎక్కువ, మిగతావన్నీ వేగం మార్చినవే. టెట్రిస్‌కి నకలైన ఆ మెషీన్‌లోనూ రంగుల్లేవు, దీపం లేదు. సెల్లులు మాత్రం నెలల తరబడి వచ్చేవి.

గేమ్ గేర్ మరీ అంత తీసిపోలేదు, కోటికి పైగా అమ్ముడైంది. గేమ్ బాయ్, 1998లో వచ్చిన దాని రంగుల రూపం కలిపి 11.87 కోట్లు. ఆ లెక్కలో పోకెమాన్ వాటా పెద్దది. 1996 ఫిబ్రవరి నాటికి గేమ్ బాయ్‌కి ఏడేళ్ళు, పాతబడిపోయిందని అందరూ పక్కన పెడుతున్న సమయం. రెండు మెషీన్లని కలిపే తీగ మీద పురుగులు పాకుతూ ఇటునుంచి అటు వెళ్తున్నట్టు ఊహించుకున్న సతోషి తజిరి, ఆ తీగతో జీవుల్ని మార్చుకునే ఆట చేశాడు, అదే పోకెమాన్. ముసలి మెషీన్ మళ్ళీ లేచి కూర్చుంది.

విచిత్రం ఏమిటంటే అదే ఏడాది యొకోయి నింటెండో వదిలి వెళ్ళాడు. అంతకుముందు ఏడాది ఆయన చేసిన వర్చువల్ బాయ్ అనే గేమ్ మెషీన్ ఘోరంగా దెబ్బతింది. బయటికి వెళ్ళి సొంత కంపెనీ పెట్టి, బండాయ్ అనే బొమ్మల కంపెనీ కోసం వండర్‌స్వాన్ అనే కొత్త మెషీన్ పనిలో పడ్డాడు. 1997 అక్టోబరులో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు, మెషీన్ 1999లో వచ్చింది. ధర 4,800 యెన్లు, ఒకే ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచేది. గేమ్ బాయ్‌ని దాని తయారీదారు సూత్రంతోనే కొట్టాలని చూశారన్నమాట. జపాన్ దాటి పెద్దగా పోలేదు గానీ, అంతమంది ప్రత్యర్థుల్లో నాకు నచ్చిన మెషీన్ అదే.

2004 నాటికి ఛార్జింగ్ బ్యాటరీలు వచ్చేశాయి కాబట్టి సెల్లుల లెక్క పోయింది. సోనీ పీఎస్‌పీ అందమైన వెడల్పు తెరతో వచ్చింది. నింటెండో డీఎస్‌కి చిన్న తెరలు రెండు, అందులో ఒకటి పుల్లతో గీసేది. డీఎస్ 15.4 కోట్లు అమ్ముడైంది, పీఎస్‌పీ సుమారు 8 కోట్లు. పీఎస్‌పీని ఓడిన మెషీన్ అని రాసేవాళ్ళతో నేను ఒప్పుకోను. 8 కోట్లు ఓటమి ఎలా అవుతుంది? సోనీకి అసలు దెబ్బ దాని తర్వాతి వీటాతో తగిలింది. ఆటలు దాచుకునే మెమరీ కార్డులు కూడా సోనీవే కొనాలి, వాటి ధర చూస్తే కళ్ళు తిరిగేవి. అప్పటికే అందరి జేబుల్లో స్మార్ట్‌ఫోన్ ఉంది.

ఫోన్ దెబ్బ నింటెండోకీ తగిలింది. 2011లో వచ్చిన 3డీఎస్ ధరని ఆరు నెలలు తిరక్కుండానే అమెరికాలో 250 డాలర్ల నుంచి 170కి దించారు. అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతం సగానికి కోసుకున్నాడు. 2017లో టీవీకీ చేతికీ ఒకే మెషీన్ అంటూ స్విచ్ వచ్చాకే నింటెండో కుదుటపడింది.

ఇప్పటి పోటీదార్ల పెట్టెల మీద ఉన్న అంకెలు చూస్తే పాత లెక్కే గుర్తొస్తుంది. స్విచ్ 2 బ్యాటరీ ఆటని బట్టి 2 నుంచి 6.5 గంటలు వస్తుందని నింటెండోయే చెబుతోంది. మొదటి స్టీమ్ డెక్‌కి వాల్వ్ చెప్పింది 2 నుంచి 8. గేమ్ గేర్‌కి మూడు నుంచి అయిదు. కాకపోతే ఇప్పుడు సెల్లులు కొనక్కర్లేదు, రైల్లో ప్లగ్ పాయింట్ పక్కన సీటు దొరికితే చాలు.