ఇఫ్లాండ్ ఉంగరం: ఒక్క నటుడి మాట మీద నడిచే వారసత్వం

జర్మన్ భాషా రంగస్థలం మీద అత్యుత్తమ నటుడికి గౌరవంగా ఇచ్చే ఇఫ్లాండ్ ఉంగరం ఎవరికి దక్కాలో ఏ జ్యూరీ నిర్ణయించదు. దాన్ని ధరించిన నటుడే తన తరవాత అందుకు తగినవాడెవరో రాసిపెడతారు. బ్రూనో గాంజ్ 2019లో కన్నుమూశాక అది యెన్స్ హార్ట్సర్‌కు చేరింది.

చుట్టూ వజ్రాలు పొదిగి, మధ్యలో ఆగస్ట్ విల్‌హెల్మ్ ఇఫ్లాండ్ ముఖచిత్రం ఉన్న ఇనుప ఉంగరమిది. బెర్లిన్ జాతీయ నాటకశాలను నడిపిన ఇఫ్లాండ్ 1814లో మరణించారు. ఆయన తరవాత అది లుడ్విగ్ డెవ్రియెంట్‌కు వెళ్లిందంటారు గానీ, చరిత్రకు గట్టిగా అందేది ఫ్రీడ్రిష్ హాసె కాలం నుంచే. 1911లో హాసె మరణంతో అది ఆల్బర్ట్ బాసెర్మాన్‌కు వచ్చింది.

బాసెర్మాన్ ఎంచుకున్న గిరార్డి 1918లో, పాలెన్‌బెర్గ్ 1934లో, మొయిస్సి 1935లో, ముగ్గురూ ఆయన బతికుండగానే పోయారు. ఇక ఎవరి పేరూ రాయనని ఆయన మొయిస్సి శవపేటిక మీద ఉంగరాన్ని ఉంచారనీ, వియన్నా బుర్గ్‌థియేటర్ డైరెక్టర్ దాన్ని వెనక్కి తీసి కాపాడారనీ చెబుతారు. అప్పటికే బాసెర్మాన్, యూదురాలైన తన భార్య ఎల్సాను వేదిక ఎక్కనివ్వని జర్మనీని విడిచి వెళ్లిపోయారు. 1952లో ఆయన వారసుణ్ని ప్రకటించకుండానే మరణించగా, రంగస్థల కళాకారుల సంఘాలు కలిసి 1954లో వెర్నర్ క్రావుస్‌ను ఎంపిక చేశాయి. క్రావుస్ అసాధారణ నటుడే, కానీ 1940లో వచ్చిన నాజీ ప్రచార చిత్రం ‘యూద్ స్యూస్’లో పలు యూదు పాత్రలు ధరించినవాడు. భార్య కోసం దేశాన్నే వదులుకున్న మనిషి చేతి ఉంగరం అలాంటి వ్యక్తికి చేరడం ఈ పరంపరలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే ఘట్టం. వారసుణ్ని ఎన్నుకునే హక్కు ఒక్కరిదే అయినప్పుడు, ఆ ఒక్కరూ మౌనం వహిస్తే ఏమవుతుందో అక్కడ తేలిపోయింది.

క్రావుస్ 1959లో యోసెఫ్ మైన్‌రాడ్‌కూ, ఆయన 1996లో గాంజ్‌కూ దాన్ని వదిలి వెళ్లారు. ఇంతవరకు ఒక్క నటి వేలికీ ఎక్కని ఈ ఉంగరానికి జోడీగా ఆస్ట్రియా ప్రభుత్వం 1978లో నటీమణుల కోసం ఆల్మా సైడ్లర్ ఉంగరాన్ని నెలకొల్పి, తొలుత పౌలా వెస్సెలీకి అందించింది. విడిగా మరో ఉంగరం చేయించడం కన్నా ఉన్నదాన్నే అందరికీ తెరిస్తే న్యాయంగా ఉండేది.

గాంజ్ మొదట గెర్ట్ ఫాస్‌ను తలచారు. ఫాస్ 2014లో మరణించారు. బాసెర్మాన్‌లా మౌనంలోకి వెళ్లకుండా, గాంజ్ హార్ట్సర్ పేరు రాసిపెట్టారు.