రామకోటి లెక్క తప్పితే

“మా వంశానికేదో శాపం తగిలినట్టుంది కదూ?” అని అడిగారు మాంబళంలో మా కింది పోర్షన్ పిన్నిగారు, రామకోటి రాస్తూనే. వాళ్ళమ్మకి నలభై ఆరో ఏట గర్భసంచి క్యాన్సర్, మేనమామకి పెద్దపేగులో, ఇప్పుడు అక్కకి మళ్ళీ గర్భసంచిలో. (గర్భాశయ ముఖద్వారం కాదు, లోపలి పొర. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళతో వేగలేకపోతున్నాను.) శాపమే అయితే పేగునీ గర్భసంచినీ ఏరుకుని మరీ తగులుతుందా?

జవాబు ఆవిడ చేతిలోనే ఉంది. గళ్ళ పుస్తకం దొరక్క రూళ్ళ నోట్‌బుక్‌లో రాస్తున్నారు. ఉత్తరంలో ఒక మాట ఎగిరిపోతే కంటికి తెలుస్తుంది. “శ్రీరామ” పక్కన “శ్రీరామ” రాస్తూ పోతే ఒకటి తగ్గినా, ఒకటి ఎక్కువైనా ఎలా తెలుస్తుంది? కణం విభజన చెందే ముందు డీఎన్‌ఏకి నకలు రాసే ఎంజైముదీ ఇదే అవస్థ. బ్యాట్-26 అనే చోట “ఎ” అనే డీఎన్‌ఏ అక్షరం వరసగా 26 సార్లు వస్తుంది. అక్కడ ఎంజైము జారి 25 రాసేస్తుంది. వెనకే లెక్క చూసేవాళ్ళు వస్తారు. లెక్క తప్పిన చోట పోగు కాస్త ఉబ్బుతుంది. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే ప్రొటీన్ల జంట ఆ ఉబ్బెత్తుని తడిమి పట్టుకుంటుంది. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 జంట కొత్త పోగుని కత్తిరిస్తుంది. తప్పు ముక్క పోయి, ఆ చోట మళ్ళీ రాత మొదలవుతుంది. చమత్కారమేమిటంటే, ఆ బ్యాట్-26 ఉన్నది ఎంఎస్‌హెచ్2 జన్యువులోనే!

ఈ నాలుగు ప్రొటీన్లనీ తయారుచేసే జన్యువుల్లో ఒకదానికి పాడైన ప్రతి అమ్మ నుంచో నాన్న నుంచో వస్తే అది లించ్ సిండ్రోమ్. రెండో ప్రతి బాగున్నంతకాలం పని నడుస్తుంది. ఏదో ఒక కణంలో అదీ చెడితే, ఇక ఆ కణం వంశమంతా లెక్క చూడని రామకోటే. పీటెన్ లాంటి కాపలా జన్యువుల్లో కూడా “ఎ”ల వరసలున్నాయి, అవీ తప్పుతాయి. నెలనెలా రాలి పెరిగే గర్భాశయ పొర, రోజుల్లో మారిపోయే పేగు పొర, రెండూ రాతపని ఎక్కువున్న చోట్లే.

1895లో అమెరికాలో బట్టలు కుట్టే ఒకావిడ, మా ఇంట్లో అందరూ ఇలాగే పోయారు, నేనూ అంతే అని వార్తిన్ అనే డాక్టరుతో అంది. అన్నట్టే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. ఆ కుటుంబంలో ఎంఎస్‌హెచ్2 లోపం బయటపడడానికి వందేళ్ళు పైనే పట్టింది.

అలాగని గర్భసంచి క్యాన్సర్ అనగానే వంశం మీదికి పోకూడదు. వందలో మూడే లించ్‌వి. ఊబకాయం వాటా చాలా పెద్దది. కానీ పిన్నిగారి ఇంటి వరస వేరు. అక్కగారి బయాప్సీ ముక్కకి రంగు వేసి, నాలుగు ప్రొటీన్లలో ఏది కనబడట్లేదో చూడొచ్చు. లోపం వారసత్వంగా వచ్చిందని తర్వాత రక్తపరీక్షలో తేలితే పిన్నిగారికీ అదే పరీక్ష, సగానికి సగం అవకాశం.

ఆవిడ పెన్ను పక్కన పెట్టి ఫోన్ తీశారు. “అక్కా, ఆపరేషన్ కాగితాలు పారెయ్యలేదు కదా?”